పక్క చేలో ఎలకలకి మందు మనమెందుకు పెట్టాలి

డెల్టాలో వరి వేసే వాళ్ళందరికీ తెలిసిందేనండి, ఎలకకి సరిహద్దు రాయి తెలీదు. మన గట్లన్నిట్లో మందు పెట్టించి పక్క చేను వదిలేశామనుకోండి, కొన్ని వారాల్లో అక్కడివి మన గట్టులోకే దిగిపోతాయి, ఖాళీ బొరియలు తయారుగా ఉన్నాయి, చుట్టూ తిండి ఉంది, పోటీకొచ్చే ఎలక లేదు, ఇంకేం కావాలి వాటికి. అందుకే మార్టేరు పరిశోధన కేంద్రం వాళ్ళైనా వ్యవసాయ శాఖ వాళ్ళైనా ఊరంతా ఒకేసారి పెట్టమంటారు, అదీ పైరు పొట్టకి రాకముందే, అంటే లోపల కంకి తయారవక ముందే, ఎందుకంటే ఆ తర్వాత తిండి బాగా దొరికి పిల్లలు పెట్టడం ఎక్కువైపోద్ది.

మందు కలపడం తేలికే. నూకలు 96 పాళ్ళు, నూనె 2, బ్రోమోడయోలిన్ పొడి 2, పొట్లాలు కట్టి బొరియ లోపలే పెట్టాలి, బయట పడేస్తే కుక్కలూ కోళ్ళూ తినేస్తాయి. ఇది రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజులకి గానీ చంపదు కాబట్టి మిగతా ఎలకలకి అనుమానం రాదు.

కానీ అప్పు తెచ్చి కౌలుకి చేసే పక్క రైతు ఈ ఖర్చు కూడా ఎందుకులే అని వదిలేస్తే? నేనైతే అతని పొట్లాలు కూడా నా డబ్బుతోనే కట్టించాలంటాను. గొడవ పడి అతన్ని ఒప్పించే లోపు పైరు పొట్టకొచ్చేస్తది.

ఇది సాయమా, నా స్వార్థమా అంటారేమో, జీవశాస్త్రంలో సాయం గురించి పెద్ద చర్చే ఉంది. 1964లో హామిల్టన్ అనే శాస్త్రవేత్త రక్త సంబంధం వల్ల చేసే సాయం లెక్క చెప్పాడు, 1971లో ట్రివర్స్ అనే ఇంకో శాస్త్రవేత్త చుట్టరికం లేని వాళ్ళ మధ్య ఇవాళ నేను రేపు నువ్వు అన్న పద్ధతి కూడా నిలబడుద్దని చెప్పాడు. రక్తం తాగే గబ్బిలాల్లో ఆకలితో ఉన్నదానికి ఇంకోటి తను తాగింది కక్కి పెడుతుందని 1984లో విల్కిన్సన్ చూపించాడు. ఈ ఇవాళ నేను రేపు నువ్వు పద్ధతిలో తీసుకున్నవాడు మర్చిపోతే ఇచ్చినవాడికి నష్టం. ఎలకల దగ్గర ఆ భయం లేదు, పక్క రైతు జన్మలో నాకు తిరిగి ఏమీ చెయ్యకపోయినా అతని గట్టు మీద చచ్చిన ప్రతి ఎలకా నా ధాన్యం మిగిల్చినట్టే. అంతమాత్రాన అది సాయం కాకుండా పోదు, అతని పంట కూడా నిజంగానే నిలబడుద్ది కదా.

ఇంకోటండి, కాలవ గట్లూ పుంత దారులూ ఎవరి పేరునా ఉండవు, ఎలకలు మాత్రం అక్కడ హాయిగా ఉంటాయి, కాబట్టి ఊరంతా మందుకి చందాలేసుకున్నప్పుడు ముందు ఆ గట్ల మీద పెట్టే మందుకి డబ్బు తీసి పక్కన పెట్టండి.