కాలికి రింగున్న పావురం దొరికితే

చిరంజీవులకు,

ఆశీస్సులు. పిట్టగోడ మీద పావురం వాలింది, దగ్గరికెళ్ళినా ఎగరడం లేదు, కాలికి ఏదో రింగుంది, ఇప్పుడేం చెయ్యాలి అని అడిగారు. ఏం చెయ్యకూడదో ముందు చెబుతాను. ఇలా వాలిన పావురాలు పాపం మనుషుల జాలి వల్లే ఎక్కువ ఇబ్బంది పడతాయి. ఆకలేస్తోందేమోనని వెంటనే దోసెడు గింజలు పోస్తారు. దాహమేమోనని నోరు తెరిచి నీళ్ళు పోస్తారు. ఇంటికి పొమ్మని గాల్లోకి విసురుతారు. మూడూ తప్పే. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

అది చాలావరకు పందేలకు పెంచే రేసు పావురమే అయ్యుంటుంది. దాన్ని గూటి నుంచి వందో, ఐదొందలో, ఒక్కోసారి వెయ్యో కిలోమీటర్లు తీసుకెళ్ళి వదిలేస్తారు. గాలి కలిసొస్తే గంటకు 80 కిలోమీటర్లకు పైగా వేగంతో తిరిగొస్తుంది. సూర్యుడి చోటు, భూమి అయస్కాంత బలం, గాలి మోసుకొచ్చే వాసనలు, దగ్గరికొచ్చాక కింద కనిపించే రోడ్లూ నదులూ దానికి ఆనవాళ్ళు. మధ్యలో ఎదురుగాలి పట్టుకున్నా, డేగ తరిమినా, వానకు తడిసినా, ఎండకు గొంతెండినా ఎక్కడో ఒకచోట దిగిపోతుంది. ఆ ఏడాదే పుట్టిన కుర్ర పావురాలు ఇలా ఎక్కువగా దిగుతాయి. చాలాసార్లు దానికి కావలసింది వైద్యం కాదు, ఒకటి రెండు రోజుల విశ్రాంతి, నీళ్ళు, గింజలు.

హుషారుగా నడుస్తూ, ఈకలు సర్దుకుంటూ ఉంటే పట్టుకోకండి. ఓ గిన్నెలో నీళ్ళు, పక్కన కాసిని గింజలు పెట్టి, పిల్లులు రాకుండా కాపలా కాయండి. చాలా పావురాలు మర్నాడు వాటంతటవే వెళ్ళిపోతాయి. రెక్క వేలాడుతున్నా, ఈకలు ఉబ్బించుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నా, రక్తం కనిపించినా, రెండు రోజులైనా కదలకపోయినా అప్పుడు పట్టుకోవాలి.

పట్టుకోవడానికి మంచి వేళ చీకటి పడ్డాక. పావురానికి చీకట్లో చూపు ఆనదు, ఉన్నచోటే ఉండిపోతుంది. వెనకనుంచి పలచని తువ్వాలు మీద వేసి, రెండు చేతులతో రెక్కలు ఒంటికి ఆనించి ఎత్తండి. తర్వాత పట్టు ఇలా ఉండాలి: దాని రెండు కాళ్ళూ మీ చూపుడు వేలికీ మధ్య వేలికీ మధ్య వెనక్కి చాపి ఉండాలి, బొటనవేలు పైనుంచి రెక్కల చివరల్నీ తోకనూ కలిపి పట్టాలి, రెండో అరచేయి రొమ్ముకు ఆనాలి. ఆనాలంతే, నొక్కకూడదు. మనకున్నట్టు పక్షికి పొట్టకూ రొమ్ముకూ మధ్య కండరపు పొర లేదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే దానికి ఊపిరాడుతుంది. ప్రేమగా గట్టిగా హత్తుకుంటే ఊపిరి ఆగిపోతుంది.

ఓ అట్టపెట్టె చాలు. అది లోపల నిలబడి తిరగగలిగేంత ఉండాలి. నాలుగు పక్కలా వేలు పట్టేంత బెజ్జాలు పొడవండి. అడుగున వార్తాపత్రిక, దానిమీద పాత తువ్వాలు. ఉత్త కాగితం మీద కాళ్ళు జారతాయి. పెట్టెను చప్పుడు లేని గదిలో, పిల్లీ కుక్కా రాని చోట పెట్టండి. ఒళ్ళు చల్లగా ఉంటే వేడినీళ్ళ సీసాకు బట్ట చుట్టి పెట్టెలో ఓ పక్కన పెట్టండి, మొత్తం పరిచెయ్యకండి. వేడెక్కువైతే జరగడానికి దానికి చోటుండాలి. ఫోటోలు, చుట్టాల పరామర్శలు రేపు. మొదటి అరగంట, గంట దానికి చీకటీ నిశ్శబ్దమే మందు.

వరస గుర్తుంచుకోండి: ముందు వెచ్చదనం, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతే గింజలు. నీరసించి ఒళ్ళు ఎండిపోయిన పక్షి గింజ తింటే అది మెడ కింద సంచిలో అలాగే నిలిచిపోతుంది. నానడానికి ఒంట్లో నీరుండదు, కిందికి దిగదు, పులుస్తుంది. ఒళ్ళు ఎండిందో లేదో తెలుసుకోవాలంటే రొమ్ము ఎముక మీది చర్మాన్ని మెల్లగా గిల్లి వదలండి. వెంటనే సర్దుకుంటే పరవాలేదు. ముడతలా నిలబడితే నీరు బాగా తగ్గిందని అర్థం.

నీళ్ళ దగ్గర చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కాకో పిచ్చుకో అయితే ముక్కుతో కాసిని నీళ్ళు అందుకుని తల పైకెత్తి మింగుతుంది. పావురం అలా తాగదు. ముక్కు రంధ్రాల దాకా ముంచి, తల దించుకునే, మనం స్ట్రాతో పీల్చినట్టు పీల్చేస్తుంది. అందుకే పళ్ళెంలో పలచగా పోసిన నీళ్ళు దానికి పనికిరావు. నాలుగైదు సెంటీమీటర్ల లోతున్న బరువైన గిన్నె పెట్టండి, తేలిగ్గా ఉంటే తన్నేస్తుంది. పెట్టెలో ఉన్న పావురానికి గిన్నె కనిపించకపోవచ్చు. దాని ముక్కు చివరను ఒకసారి నీళ్ళకు తాకించి వదలండి, తల ముంచేలా నొక్కకండి. దాహంగా ఉంటే తలెత్తకుండా పది పన్నెండు గుక్కలు పీలుస్తుంది, గొంతు కదలడం మీకే కనిపిస్తుంది.

నోట్లో మాత్రం పొయ్యకూడదు. దాని నోరు తెరిస్తే నాలుక మొదట్లో చిన్న చీలిక కనిపిస్తుంది. అదే ఊపిరి దారి. మీరు పోసిన చెంచాడు నీళ్ళు నేరుగా అందులోకి దిగితే ఊపిరితిత్తులకే ముప్పు. బాగా నీరసంగా ఉంటే మొదటి రోజు మామూలు నీళ్ళ బదులు ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్ళు పెట్టొచ్చు. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని రాసుంటే అన్నే కలపండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్ళకు ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. అన్నీ చిన్న చెంచాలే. ఉప్పు ఎక్కువైతే మేలు పోయి కీడవుతుంది.

నీళ్ళు తాగిన గంటకు గింజలు. మొదట ఒక చిన్న చెంచాడే. అది దిగితే మరికాసిని. పెద్ద పావురానికి రోజు మొత్తానికి 30 గ్రాములు, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు, రెండు పూటలా పంచి పెడితే చాలు. ఎండు గింజలే, ఉడికించనివి: గోధుమలు, జొన్నలు, చిన్న మొక్కజొన్న గింజలు, పెసలు, బఠాణీలు, బియ్యం. పచ్చి బియ్యం పొట్టలో ఉబ్బి పక్షి చస్తుందనే మాట నిజం కాదు. రొట్టె, అన్నం, పాలు, ఉప్పు పల్లీలు, మన చిరుతిళ్ళు వద్దు. పావురానికి పాలు అరగవు. గింజ ముట్టకపోతే కంగారు పడకండి, గూట్లో వాటికి అలవాటైన గింజలు వేరు కావచ్చు. బఠాణీ ఒకటి నేల మీద టకటకమని కొట్టి చూపిస్తే కుతూహలంతో ముందుకొస్తుంది.

ఇప్పుడు కాస్త అసహ్యమైనా పనికొచ్చే విషయం: రెట్ట చూడండి. తువ్వాలు మీదో కాగితం మీదో పడ్డది పల్చగా, ముదురు ఆకుపచ్చగా ఉంటే చాలాసేపటి నుంచి పొట్ట ఖాళీ అని అర్థం. రెండో రోజుకు గోధుమ రంగులో ముద్దగా, పైన తెల్ల టోపీతో పడుతుంటే కోలుకుంటోందన్నమాట. రెండు రోజుల తిండి తర్వాతా ఆకుపచ్చ నీళ్ళే అయితే లోపల జబ్బుంది. నోట్లో పసుపుపచ్చని జున్నులాంటి గడ్డలున్నా, మెడ మెలితిరిగి తల కిందులవుతున్నా, గింజను పొడవబోయి పక్కన పొడుస్తున్నా పశువైద్యుడి దగ్గరికే. మనుషుల నొప్పి మాత్రలు ఇవ్వకండి.

పిల్లి పట్టిన పావురమైతే గాయం కనిపించకపోయినా అదే రోజు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి. పిల్లి కోరల్లో ఉండే సూక్ష్మజీవులు పక్షి రక్తంలో చేరితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. గాటు సూది మొనంతే ఉంటుంది, ఈకల కింద కనపడదు. తాగిన నీళ్ళు మెడ కింద నుంచి కారుతుంటే డేగ గోరు ఆ సంచిని చీల్చిందన్నమాట. అది కుట్టాలి, ఇంట్లో అయ్యేది కాదు.

మీ గురించి కూడా: ఎండిన రెట్టను చీపురుతో ఊడవకండి, దుమ్ము ముక్కులోకి పోతుంది. తడిపి, కాగితంతో సహా మడిచి తీసెయ్యండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు. ఆయాసం ఉన్నవాళ్ళు దూరంగా ఉండండి. ఇంట్లో కోళ్ళో పావురాలో ఉంటే దీని గిన్నెలు, చోటు వాటితో కలపొద్దు.

ఇక రింగు. ఇది ఇద్దరి పని. ఒకరు తువ్వాలు చుట్టి పట్టుకోండి, ఇంకొకరు కాలు దగ్గరికి తీసుకుని రింగును గోటితో మెల్లగా తిప్పండి. మట్టి పట్టి ఉంటే తడి దూదితో తుడవండి. అక్షరాలు ఒక్కొక్కటే వస్తాయి: ముందు దేశమో సంఘమో తెలిపే అక్షరాలు, తర్వాత సంవత్సరం, తర్వాత వరుస సంఖ్య. ఆ సంవత్సరమే పుట్టిన ఏడాది. అదెలా అంటే, అతుకు లేని ఈ రింగు లోపలి వెడల్పు 8 మిల్లీమీటర్లు మాత్రమే. పిల్ల పుట్టిన వారం పది రోజుల్లోపే, మూడు ముందు వేళ్ళు కలిపి, వెనక వేలు మీదుగా జార్చి తొడగాలి. తర్వాత పాదం పెరిగిపోతుంది, రింగు ఎక్కదు, దిగదు. మీరు కూడా తియ్యడానికి ప్రయత్నించకండి.

చదవడంలో తప్పులు పడేది 8, బీ దగ్గర, సున్నా, ఓ దగ్గర, 1, ఐ దగ్గర. ఇద్దరూ విడివిడిగా రాసుకుని పోల్చుకోండి. తిప్పుతూ నాలుగు ఫోటోలు తియ్యండి. అక్షరాలు జీబీ అయితే బ్రిటన్, బీఈఎల్‌జీ అయితే బెల్జియం, ఎన్‌ఎల్ అయితే నెదర్లాండ్స్, డీవీ అయితే జర్మనీ. ఏయూ చూసి ఆస్ట్రేలియా అనుకునేరు, అది అమెరికా రేసు పావురాల సంఘం వాళ్ళది. ఆ సంఘం పేరున్న రింగుతోనే 2020 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఒక పావురం కనిపించింది. సముద్రం దాటి వచ్చిందని, జబ్బులు తెచ్చి ఉంటుందని అధికారులు దాన్ని చంపాలనుకున్నారు. చివరికి ఆ రింగు నకిలీదని అమెరికా సంఘమే చెప్పింది, పక్షి బతికింది. 2023 మేలో ముంబై రేవు దగ్గర దొరికిన పావురం సంగతి ఇంకా విచిత్రం. కాళ్ళకు రింగులు, చైనా లిపిలాంటి రాతలు చూసి గూఢచారి అనుకున్నారు. అది తైవాన్ రేసు పావురం. వదలడానికి ఎనిమిది నెలలు పట్టింది. కాబట్టి రింగుతో పాటు ఒంటి రంగు, రెక్క మీద గీతలు, కంటి రంగు కూడా రాసుకోండి.

రెండో కాలికి లావుపాటి ప్లాస్టిక్ రింగుంటే అది గూటికి చేరిన సమయాన్ని నమోదు చేసే చిప్పు, చూడగానే చదవగలిగేది కాదు. రెక్క విప్పి పెద్ద ఈకల మీద చూడండి, కొందరు అక్కడ ఫోన్ నంబరు ముద్ర వేస్తారు. పలచని లోహపు రింగు మీద పరిశోధన సంస్థ పేరుంటే అది రేసు పావురం కాదు, ఆ సంస్థకే తెలపాలి.

నంబరు దొరికాక రింగు జారీ చేసిన సంఘానికి పెద్దవాళ్ళ చేత తెలియజేయించండి. యజమాని ఎవరో వాళ్ళ పుస్తకంలో ఉంటుంది. నలుగురిలో ప్రకటించాల్సి వస్తే చివరి మూడంకెలు దాచండి. మంచి రేసు పావురం ఖరీదైనది, నాదే అనేవాళ్ళు చాలామంది వస్తారు. ఆ మూడంకెలూ రంగూ చెప్పగలిగినవాడే యజమాని.

యజమాని వచ్చి తీసుకెళ్తాననొచ్చు, బండిలో పంపమనొచ్చు, కోలుకుంటే వదిలెయ్యమనొచ్చు. నాకక్కర్లేదు అనేవాళ్ళూ ఉంటారు. అది విని మీకు కోపం వస్తుంది, రావాలి కూడా. అయినా ఆ మాట రాతపూర్వకంగా తీసుకుని, పావురాలు పెంచడం తెలిసినవాళ్ళకు అప్పగించండి. వాళ్ళు దాన్ని మూసిన గూట్లోనే ఉంచుకోవాలి. ఏళ్ళ తర్వాత వదిలినా పాత గూటికే పోయే రకాలున్నాయి.

వదలమంటే ముందు పరీక్ష. తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, అద్దాల మీద దుప్పటి కప్పి గదిలో వదలండి. నేల మీంచి బీరువా ఎత్తుకు రెండు రెక్కలూ సమానంగా కొట్టి ఎగరాలి. తల మీద ఇంకా పసుపు నూగున్న పిల్లల్ని, రెక్క ఈకలు కత్తిరించినవాటిని వదలకూడదు. అందంకోసం పెంచే తెల్ల పావురాల్లో చాలావాటికి ఇంటిదారి పట్టే శక్తి ఉండదు, వాటినీ వదలొద్దు.

వాన లేని, గాలి నెమ్మదిగా ఉన్న పొద్దున చూసుకోండి. మధ్యాహ్నం దాటితే చీకటిలోపు చేరలేదు, పావురాలు మామూలుగా రాత్రి ఎగరవు. ఆ పూట నీళ్ళు కడుపునిండా, గింజలు కాసినే. కరెంటు తీగలు లేని ఖాళీ స్థలంలో పెట్టెను నేల మీద పెట్టి, మూత తీసి, పది అడుగులు వెనక్కి జరగండి. చేత్తో విసరకండి. అది మెడ సాచి ఆకాశం చూస్తుంది, అంచెక్కుతుంది, ఒక్కోసారి పావుగంట కూర్చుంటుంది. ఎగిరాక రెండు మూడు చుట్లు కొట్టి ఓ దిక్కు పడుతుంది. సాయంత్రానికి మళ్ళీ మీ గోడ మీదికే వస్తే ఇంకా ఒక రోజు విశ్రాంతి. మూడోసారీ వస్తే దానికి దారి కుదరడం లేదు, పెట్టెలో పెట్టి యజమానికి చేరవేయడమే మార్గం.

వదిలిన టైము, చోటు, గాలి ఎటు వీస్తోందో యజమానికి వెంటనే తెలపండి. గూటి తలుపు తెరిచి ఉంచుకుంటారు. రెండు రోజులైనా కబురు లేకపోతే మీరే అడగండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య