బెంగళూరు సదస్సులో అచ్చయిన అయిదు పేజీలు

1984 డిసెంబరులో కంప్యూటర్లు, సిస్టమ్స్, సిగ్నల్ ప్రాసెసింగ్ మీద బెంగళూరులో ఇంజినీర్ల సంఘం ఐఈఈఈ అంతర్జాతీయ సదస్సు జరిగింది. దాని సంకలనంలో 175వ పేజీ నుంచి 179 దాకా చార్లెస్ బెనెట్, జిల్ బ్రాసార్‌ల పత్రం ఉంది. ఒక్కో ఫోటాన్‌ను, అంటే కాంతి కణాన్ని పంపి, సందేశాలకు తాళం వేసే రహస్య కీని ఇద్దరు పంచుకునే పద్ధతి అది. ప్రపంచమంతా ఇవాళ బీబీ84 అంటున్నది దీన్నే.

మూలమైన ఆలోచన భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ వీస్నర్‌ది. ఆయన 1970 ప్రాంతంలో రాసిన పత్రాన్ని పత్రిక తిప్పి పంపింది. అది 1983లో గానీ వెలుగు చూడలేదు. 1979లో ప్వెర్టోరికోలో ఒక సదస్సు జరుగుతుండగా, సముద్రంలో ఈదుతున్న బ్రాసార్ దగ్గరికి ముక్కూమొహం తెలియని బెనెట్ ఈదుకుంటూ వచ్చి వీస్నర్ ఆలోచన చెప్పారు. అయిదేళ్ల తర్వాత, నచ్చిన అంశం మీద మాట్లాడమంటూ బ్రాసార్‌కు బెంగళూరు సదస్సు ఆహ్వానం అందింది. సమీక్షకులు పెద్దగా పట్టించుకోని రోజుల్లో ఈ విషయానికి చోటిచ్చింది అలాంటి సమావేశాలే. అయితే ఆ సంకలనం దొరకడం కష్టమైపోయి, ముప్ఫయ్యేళ్లకు, 2014లో, ఒక పత్రిక ఆ పత్రాన్ని మళ్లీ అచ్చువేసింది.

పద్ధతి చిన్నదే. పంపేవారు ఫోటాన్ ధ్రువణాన్ని, అంటే అది కంపించే దిశను, నిలువు–అడ్డంగానో, ఐమూలగానో పెడతారు. అందుకునేవారు ఆ రెంటిలో ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుని కొలుస్తారు. తర్వాత ఎంపికలను బహిరంగంగా పోల్చుకుని, కలవనివాటిని పారేస్తారు. సుమారు సగం పోతాయి. మధ్యలో ఎవరైనా ప్రతి ఫోటాన్‌నూ కొలిచి తిరిగి పంపితే, మిగిలిన బిట్లలో (0, 1 అంకెల్లో) దాదాపు 25 శాతం తప్పులు తేలతాయి. దొంగ అలా పట్టుబడతాడు.

చిక్కంతా దూరంతోనే. 1550 నానోమీటర్ల కాంతికి మంచి ఫైబర్‌లో కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్ నష్టం. 100 కిలోమీటర్లు దాటేసరికి నూటికి ఒక్క ఫోటానే మిగులుతుంది, 300 కిలోమీటర్లకు పది లక్షల్లో ఒకటి. మామూలు సంకేతమైతే మధ్యలో పెంచుకోవచ్చు. తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం సాధ్యం కాదు కాబట్టి ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. అందుకే కేంద్ర ప్రభుత్వ పథకం జాతీయ క్వాంటం మిషన్ ఇలాంటి రహస్య సమాచార మార్పిడికి పెట్టుకున్న 2,000 కిలోమీటర్ల లక్ష్యాన్ని ఒకే ఫైబర్‌తో అందుకోలేం. దారిలో నమ్మదగిన స్టేషన్లయినా ఉండాలి, పైన ఉపగ్రహమైనా ఉండాలి. స్టేషన్లు పెడితే అక్కడున్నవారికి కీ తెలిసిపోతుంది. ఆ బెడద తీర్చే క్వాంటం రిపీటర్లు, వాటికి కావలసిన, క్వాంటం స్థితిని నిలిపి ఉంచే మెమరీలు ఇంకా ప్రయోగశాల దశలోనే ఉన్నాయి. పీహెచ్‌డీ అంశం వెతుక్కునేవారికి ఇంతకన్నా పనున్న చోటు తక్కువ.

బెంగళూరులో అచ్చయిన ఆలోచనను మనమెందుకు ముందుగా అందుకోలేదు? పరికరాలే ప్రధాన కారణమని చెప్పాలి. మన దేశంలో క్వాంటం సమాచార ప్రయోగాలు ఎక్కువగా మొదలైంది అయస్కాంత క్షేత్రంలో అణు కేంద్రకాలను పరీక్షించే ఎన్ఎంఆర్ యంత్రాల మీద, 2000 ప్రాంతంలో, బెంగళూరు ఐఐఎస్‌సీలో అనిల్ కుమార్ బృందం చేతుల్లో. రసాయన శాస్త్రం కోసం కొన్న యంత్రం అప్పటికే ఉంది, నమూనాను గది ఉష్ణోగ్రతలోనే ఉంచవచ్చు, దాన్ని నడిపే రేడియో పల్స్‌ల మీద పట్టున్న మనుషులూ ఉన్నారు. కానీ ఆ దారికి హద్దుంది. క్యూబిట్, అంటే క్వాంటం బిట్, ఒకటి పెరిగినప్పుడల్లా సంకేతం దాదాపు సగానికి పడిపోతుంది, పది దాటితే గోలలో కలిసిపోతుంది. అయినా అక్కడ శిక్షణ పొందినవారే తర్వాత మొహాలీ, పుణె ఐసర్‌ (కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ)లలో బృందాలు కట్టారు. సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లకు పది ఇరవై మిల్లీకెల్విన్‌లకు చల్లబరిచే ఫ్రిజ్ కావాలి. అది దిగుమతి సరుకు.

కాగితం, కలం చాలిన సిద్ధాంత పరిశోధన ముందు నడిచింది. ప్రయాగ్‌రాజ్ హరీశ్‌చంద్ర సంస్థ, భువనేశ్వర్ భౌతిక శాస్త్ర సంస్థ దీని మీద స్కూళ్లు, సదస్సులు పెట్టాయి. ఈ రంగంలో అందరూ ఎదురుచూసే క్యూఐపీ (క్వాంటం ఇన్ఫర్మేషన్ ప్రాసెసింగ్) సదస్సు 2007 డిసెంబరులో దిల్లీకి వచ్చింది. ఆసియా దేశాల క్వాంటం సదస్సు ఏక్యూఐఎస్ 2013లో చెన్నైలో జరిగింది. నిధులు మాత్రం ఆలస్యమయ్యాయి. 2020 బడ్జెట్‌లో అయిదేళ్లకు 8,000 కోట్లని ప్రకటించారు. 2023 ఏప్రిల్ 19న కేబినెట్ జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది 6,003.65 కోట్లకు, 2030–31 దాకా. కంప్యూటింగ్ హబ్ ఐఐఎస్‌సీకి, కమ్యూనికేషన్ మద్రాసు ఐఐటీకి, సెన్సింగ్ బొంబాయి ఐఐటీకి, పదార్థాలు, పరికరాల హబ్ దిల్లీ ఐఐటీకి దక్కాయి.

సదస్సుకు పరిశోధన పంపేవారు ఒక తేడా గమనించాలి. క్యూఐపీకి సంకలనం ఉండదు. ఫలితం ముందుగా ఆర్కైవ్ (arXiv) అనే ఉచిత ఆన్‌లైన్ భాండారంలోకి ఎక్కుతుంది, సదస్సుకు కొద్ది పేజీల సారాంశం పంపుతారు. ప్రచురణ లెక్కలోకి రావాలనుకుంటే టీక్యూసీ అనే మరో క్వాంటం సదస్సులో సంకలనం విభాగం వేరుగా ఉంది. సారాంశం మొదటి పేజీలోనే ఇప్పటిదాకా తెలిసిందేమిటి, మీరు కొత్తగా నిరూపించిందేమిటి అన్నది పక్కపక్కన పెట్టి చెప్పకపోతే మంచి పని కూడా వెనక్కి వస్తుంది. ఉపన్యాసానికి చోటు దొరకనివారికి పోస్టర్ ఉంది, చిన్నచూపు చూడక్కర్లేదు. విద్యార్థి సాయానికి దరఖాస్తు, గడువు తరచూ వేరుగా ఉంటాయి, చాలామంది అక్కడే జారిపోతారు. ఫలితం వచ్చాక వీసాకు పరుగెత్తితే సమయం చాలదు, పాస్‌పోర్టు ముందే చేతిలో ఉండాలి.

బీటెక్, ఎమ్మెస్సీ వారికి సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్ రెండు నెలలు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం క్వాంటం సంస్థ డిగ్రీ విద్యార్థులకు రెండు వారాల ప్రయోగ శిక్షణ ఇస్తుంది. పీహెచ్‌డీకి జెస్ట్, గేట్, సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలు. పరిశోధక విద్యార్థికిచ్చే జేఆర్ఎఫ్ భృతి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. తెలుగు నేల మీద ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో క్వాంటం కేంద్రం ఉంది.

అమరావతిలో ఐబీఎం 156 క్యూబిట్ల యంత్రం పెడుతుందని 2025 మేలో ప్రకటించారు. సంతోషించాల్సిన సంగతే. కానీ ఐబీఎం 2016లోనే అయిదు క్యూబిట్ల యంత్రాన్ని క్లౌడ్‌లో అందరికీ తెరిచింది. యంత్రం అందుబాటులో లేకపోవడం కాదు, దాని లోపాలను కొలిచి సరిదిద్దగలవారు తక్కువ కావడమే మన కొరత.

హబ్‌ల ప్రాజెక్టుల్లో చేరేవారు ముఖాముఖిలో రెండు ప్రశ్నలు అడగాలి. పరికరం వచ్చిందా, ఆర్డరు దశలోనే ఉందా? ప్రాజెక్టు ముగిసే తేదీ ఎప్పుడు? 2026లో చేరినవారి పీహెచ్‌డీ అయిదేళ్లు పడితే 2031లో పూర్తవుతుంది. మిషన్ కాలం ముగిసేది ఆ ఏడాది మార్చిలోనే.