మూలబిందువును సాక్షిగా పిలవండి

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. మొన్న ఆదివారం మా మనవరాలు ఫోనులో ఒక లెక్క ఫొటో పంపింది. రెండు అసమీకరణాలు (సమానం గుర్తు బదులు తక్కువ, ఎక్కువ గుర్తులున్నవి) ఇచ్చి, కింద నాలుగు గ్రాఫులు గీసి, వాటికి సరిపోయేది ఏదో చెప్పమన్న లెక్క. నలుగురు స్నేహితులు కూర్చుని చేస్తే నాలుగు జవాబులు వచ్చాయట. "ఎవరిదో ఒకరిది ఒప్పే అయి ఉంటుంది కదా తాతయ్యా" అని నవ్వింది. నిజమే. కానీ ఆ ఒప్పు రాసిన పిల్లవాడిని ఎందుకని అడిగితే "చూడగానే అదే అనిపించింది" అన్నాడట. ముప్పై ఏళ్లకు పైగా నల్లబల్ల ముందు నిలబడ్డవాణ్ణి, ఆ మాట విని ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

లెక్క ఇది:

ఎక్స్ + 2వై ≤ 8
ఎక్స్ − వై < 2

రెండూ ఒకేసారి నిజం కావాలి.

సమీకరణమైతే దాని జవాబులన్నీ గీత మీదే ఉంటాయి. అసమీకరణానికి ఆ గీత పొలం గట్టు లాంటిది. జవాబులు గట్టుకు ఒక పక్కన ఉన్న పొలమంతా పరచుకుని ఉంటాయి. రెండు అసమీకరణాలు ఇస్తే రెండు పొలాలు, వాటిలో ఉమ్మడిగా ఉన్న చోటే మనకు కావాలి. రంగు వేసిన భాగంలో ఏ బిందువును పట్టుకుని అడిగినా రెండు షరతులకూ "అవును" అనాలి. బయట ఉన్న ఏ బిందువైనా కనీసం ఒక షరతుకు "కాదు" అనాలి. అందుకే నేను గ్రాఫును చూసి ఊహించను, బిందువులను పిలిచి అడుగుతాను.

ఇక ఆ నాలుగు బొమ్మలు: 'అ', 'ఆ', 'ఇ', 'ఈ'. 'అ', 'ఆ' బొమ్మల్లో ఒక నిండు గీత (8, 0), (0, 4)ల మీదుగా, ఒక చుక్కల గీత (2, 0), (0, −2)ల మీదుగా పోతున్నాయి. తేడా రంగులోనే. 'అ' బొమ్మలో రెండు గీతలకూ కింది భాగానికి రంగు వేశారు. 'ఆ' బొమ్మలో మొదటి గీతకు కింద, రెండో గీతకు పైన ఉన్న భాగానికి వేశారు. 'ఇ' బొమ్మలో రంగు 'ఆ' బొమ్మలో ఉన్నట్టే ఉంది కానీ నిండు గీత చుక్కల గీత అయింది, చుక్కలది నిండుది అయింది. 'ఈ' బొమ్మలో మొదటి గీత (4, 0), (0, 8)ల మీదుగా పోతోంది, మిగతాదంతా 'ఆ' బొమ్మలాగే ఉంది. లెక్క తయారుచేసినవాడు తెలివైనవాడే. పిల్లలు ఎక్కడెక్కడ జారిపడతారో తెలిసి, అక్కడక్కడే అరటితొక్క వేసి పెట్టాడు.

ముందు గీతల సంగతి తేల్చండి. మొదటిదానిలో వై సున్నా అయితే ఎక్స్ 8, ఎక్స్ సున్నా అయితే వై 4. కనుక గీత (8, 0), (0, 4)ల మీదుగానే పోవాలి. 'ఈ' బొమ్మ అక్కడికక్కడే పోయింది. వై పక్కన 2 ఉందని చూసి, 8లో సగాన్ని తీసుకెళ్లి ఎక్స్ అక్షం మీద పెట్టినవాళ్లే దాన్ని ఎంచుకుంటారు.

ఇప్పుడు రెండు అక్షాలూ కలిసే చోటైన మూలబిందువును సాక్షిగా పిలుద్దాం. (0, 0) అంత నిజాయితీ గల సాక్షి దొరకదు, లెక్క చేసే శ్రమ కూడా ఉండదు. మొదటి షరతులో పెడితే 0 ≤ 8, నిజం. రెండోదానిలో 0 < 2, అదీ నిజం. అంటే మూలబిందువు రంగులో ఉండి తీరాలి. 'అ' బొమ్మలో అది రంగుకు బయట ఉంది. కాబట్టి అదీ పోయింది.

'అ' బొమ్మను ఎంచుకున్న పిల్లలు చాలామందే ఉంటారని నాకు తెలుసు. "తక్కువ గుర్తు ఉంది కదా, గీతకు కింద రంగు వెయ్యాలి" అంటారు. నా తరగతుల్లో ఏటా విన్న మాటే ఇది. అది అన్నిసార్లూ నిజం కాదు: వై ఎడమ పక్కన మాత్రమే, ముందు రుణ గుర్తు లేకుండా ఉన్నప్పుడే నిజం. ఎక్స్ − వై < 2లో వై ముందు రుణ గుర్తు ఉంది. ఎక్స్‌ను అటు పంపితే −వై < 2 − ఎక్స్. ఇప్పుడు రెండు పక్కలా −1తో గుణించాలి, గుణించగానే గుర్తు తిరగబడుతుంది: వై > ఎక్స్ − 2. అంటే గీతకు పైన! గుర్తు ఎందుకు తిరగబడుతుందంటారా? 3 కన్నా 5 పెద్దది. అప్పు చేస్తే? మూడు రూపాయల అప్పున్నవాడు అయిదు రూపాయల అప్పున్నవాడి కన్నా మెరుగు. −3 పెద్దది, −5 చిన్నది. ఈ తిరకాసంతా గుర్తుండదనుకునేవాళ్లు గుణకారం జోలికి పోకుండా సాక్షినే నమ్ముకోండి. నాకూ అదే ఇష్టం.

మిగిలినవి 'ఆ', 'ఇ'. రంగు ఒకటే, గీతలే వేరు. ఇక్కడ మన తెలుగే సాయం చేస్తుంది. "ఎనిమిదికి మించకూడదు" అంటే ఎనిమిది ఉండవచ్చు. అది ≤, గీత మీది బిందువులూ లెక్కలోకి వస్తాయి, కనుక నిండు గీత. "రెండు కన్నా తక్కువ ఉండాలి" అంటే రెండు పనికిరాదు. అది <, గీత మీది బిందువులు లెక్కలోకి రావు, కనుక చుక్కల గీత. ఆటల్లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. టెన్నిస్‌లో గీత మీద పడ్డ బంతి లోపల పడ్డట్టే. క్రికెట్‌లో బంతి సరిహద్దు తాడును తాకిందంటే బౌండరీయే, ఇక మైదానంలో లేనట్టే. ఒక్క మాటతో మాత్రం జాగ్రత్త: "పదిలోపు". పది అందులో ఉందో లేదో చెప్పినవాడినే అడగాలి.

≤ గుర్తులో కింద ఉన్న ఆ చిన్న అడ్డగీతకు చరిత్ర కూడా ఉంది. < , > గుర్తులు ఇంగ్లండుకు చెందిన గణితవేత్త థామస్ హారియట్ పుస్తకంలో 1631లో అచ్చయ్యాయి, అప్పటికి ఆయన పోయి పదేళ్లు. వాటి కింద గీతలు చేర్చి "లేదా సమానం" అన్న అర్థం తెచ్చినది ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ బూగేర్, 1734లో. నూరేళ్లు దాటాక వచ్చిన ఆ గీతను మీరు లెక్క ఎక్కించుకునేటప్పుడు ఒక్క క్షణంలో ఎగరగొట్టేస్తారు.

సరే, 'ఆ', 'ఇ' బొమ్మలను విడదీయడానికి ఏ బిందువును పిలవాలి? గీతలు కలిసే చోటు (4, 2)ను పిలుద్దామని మీకు అనిపించవచ్చు. పిలిచి చూడండి. 4 + 4 = 8, మొదటి షరతు సరే. 4 − 2 = 2, రెండో షరతుకు సరిపోదు. కాబట్టి ఆ మూల జవాబు కాదు. కానీ రెండు బొమ్మల్లోనూ ఆ మూల ఒక చుక్కల గీత మీదే ఉంది కనుక రెంటిలోనూ అది బయటిదే. సాక్షి నిజమే చెప్పాడు గానీ మన తగవు తీరలేదు. ఒకే ఒక్క గీత మీద ఉన్న బిందువు కావాలి. (0, 4)ను పిలవండి. 0 + 8 ≤ 8 నిజం, 0 − 4 < 2 నిజం. అది జవాబే. 'ఇ' బొమ్మలో అది చుక్కల గీత మీద పడి బయట ఉండిపోయింది. మిగిలింది 'ఆ' బొమ్మే.

మూలబిందువు అన్నిసార్లూ పనికిరాదు. వై > 3ఎక్స్ లాంటిదైతే గీత దాని మీదుగానే పోతుంది. తగవు గట్టు మీదే నిలబడ్డవాడు ఏ పక్కకని సాక్ష్యం చెబుతాడు? అప్పుడు (1, 0)ను పిలవండి. 0 > 3, అబద్ధం. అంటే (1, 0) లేని పక్కన రంగు.

ఈ బొమ్మలతో ఏం పని అని మా మనవరాలు అడగనే అడిగింది. 1945లో జార్జ్ స్టిగ్లర్ అనే అమెరికా ఆర్థికవేత్త ఒక ప్రశ్న వేసుకున్నాడు: ఒక మనిషికి ఏడాది పాటు కావలసిన పోషకాలన్నీ అందేలా అతి తక్కువ ఖర్చుతో ఏం తినవచ్చు? 77 రకాల ఆహారాలు, 9 పోషకాలు. "కాల్షియం ఇంతకు తగ్గకూడదు", "ఇనుము ఇంతకు తగ్గకూడదు" అంటూ తొమ్మిది అసమీకరణాలు. మనకు రెండు అక్షాలు చాలాయి, ఆయనకు 77 కావాలి. అలాంటి గ్రాఫు కాగితం ఏ కొట్లోనూ దొరకదు. ఆయన తెలివిగా అంచనా వేసి, 1939 ధరల్లో 39.93 డాలర్లని తేల్చాడు. 1947లో అమెరికా గణితవేత్త జార్జ్ డాంట్జిగ్ కనిపెట్టిన, ఒక మూల నుంచి ఇంకో మెరుగైన మూలకు నడుస్తూ పోయే సింప్లెక్స్ పద్ధతితో తొమ్మిది మంది గుమాస్తాలు చేతి యంత్రాల మీద ఆ లెక్క పూర్తిగా చేశారు. ఒక్క మనిషే చేసి ఉంటే 120 రోజులు పట్టేంత పని. వచ్చిన జవాబు 39.69 డాలర్లు. స్టిగ్లర్ తప్పింది 24 సెంట్లే! ఆయన జాబితాలో గోధుమపిండి, క్యాబేజీ, పాలకూర, ఎండు చిక్కుడు గింజలు ఉన్నాయి. ఊరగాయ లేదు. ఏడాదంతా అది తినమంటే నేను పారిపోతాను. కానీ అసలు పని మన బొమ్మలో జరిగినదే: షరతులన్నిటికీ ఒప్పుకునే చోటు ఏదో కనుక్కోవడం. ఆ తర్వాత అతి తక్కువ ఖర్చు కోసం ఆ చోటు మూలల్లో వెతకడం.

ఈ కాగితం వెనక ఒక బొమ్మ గీశాను. చుక్కల గీత (0, 3), (−3, 0)ల మీదుగా, నిండు గీత (0, −1), (1, 0)ల మీదుగా పోతున్నాయి. రెండూ ఎక్కడా కలవవు. రంగు వాటి మధ్యలో ఉంది. ఈసారి బొమ్మ నేనిచ్చాను, అసమీకరణాలు మీరు రాయండి. ఆ తర్వాత రంగు మధ్యలో కాక రెండు గీతలకూ బయటి వైపుల్లో ఉండాలని గుర్తులు మార్చి చూడండి, రెండూ ఒకేసారి ఒప్పుకునే బిందువు ఒక్కటైనా దొరుకుతుందేమో. జవాబులు వచ్చే ఆదివారం లోపు పంపండి. లోపు అంటే ఆదివారం కూడా కలిపే అంటున్నాను, మళ్లీ తగవు పెట్టుకోకండి.

మీ
తాతయ్య