పోలీసు దుష్ప్రవర్తన రికార్డులు: అమెరికా నియామకాల చుట్టూ ఉన్న అపోహలు, వాస్తవాలు

అమెరికాలో పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్నవారి పూర్వ చరిత్రను విచారించి, నియామక అధికారులకు నివేదిక ఇవ్వడం నా వృత్తి. మన తెలుగు రాష్ట్రాల్లో కానిస్టేబుల్ అయినా ఎస్సై అయినా ఒకే రాష్ట్ర శాఖ ఉద్యోగి కాబట్టి, ఎక్కడికి బదిలీ అయినా సర్వీసు రిజిస్టరు వెంట వెళుతుంది. అమెరికాలో దాదాపు 18,000 పోలీసు సంస్థలున్నాయి. నగర పోలీసు శాఖ, కౌంటీ (మన జిల్లా లాంటిది) షెరిఫ్ కార్యాలయం, విశ్వవిద్యాలయపు సొంత పోలీసు విభాగం, ఇలా దేనికదే విడి యజమాని. అధికారి ఒకచోట మానేసి మరోచోట చేరితే అతని ఫైలు అతనితో రాదు, కొత్త సంస్థ అడిగి తెప్పించుకోవాలి. ఈ విషయంలో నేను తరచుగా వినే అపోహలు ఇవి.

అపోహ: తప్పు చేసిన పోలీసుల పేర్లన్నీ దేశవ్యాప్తంగా ఒకే జాబితాలో ఉంటాయి.

వాస్తవం: అలాంటి జాబితా లేదు. ఉన్నవాటిలో పెద్దది నేషనల్ డీసర్టిఫికేషన్ ఇండెక్స్. పోలీసు లైసెన్సును, అంటే పోలీసుగా పనిచేయడానికి రాష్ట్రం ఇచ్చే అనుమతిని, రద్దు చేసిన రాష్ట్రాలు స్వచ్ఛందంగా పంపే వివరాలు అందులో 50 వేలకు పైగా ఉన్నాయి. కానీ అది సూచిక మాత్రమే. ఫలానా రాష్ట్రం ఫలానా వ్యక్తిపై చర్య తీసుకుందని చెబుతుందే తప్ప, అసలు ఏం జరిగిందో తెలియాలంటే ఆ రాష్ట్రాన్నే అడగాలి. ఏ తప్పుకు లైసెన్సు రద్దు చేయాలన్నది కూడా రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది. అంత పెద్ద కాలిఫోర్నియాకే 2021లో చట్టం చేసేదాకా ఆ అధికారం లేదు. ఫెడరల్ ప్రభుత్వం 2023 డిసెంబరులో ప్రారంభించిన జాతీయ డేటాబేసు ఫెడరల్ అధికారుల వివరాలకే పరిమితమైంది. దానికి ఆధారమైన అధ్యక్ష ఉత్తర్వును 2025 జనవరిలో రద్దు చేయడంతో అదీ మూతపడింది.

అపోహ: ఉద్యోగం నుంచి తీసేస్తే ఇక పోలీసుగా పనిచేయలేరు.

వాస్తవం: ఉద్యోగం పోవడం వేరు, లైసెన్సు పోవడం వేరు. మొదటిది యజమాని చేతిలో, రెండోది రాష్ట్రం చేతిలో ఉంటుంది. ఫ్లోరిడాలో 30 ఏళ్ల కాలంలో దాదాపు 500 సంస్థల్లో పనిచేసిన 98,000 మంది అధికారుల ఉద్యోగ వివరాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2020లో వెలువడింది. సగటున ఏటా 1,100 మందికి కాస్త తక్కువగా, అంటే మొత్తం అధికారుల్లో 3 శాతం మంది, అంతకుముందు మరో ఫ్లోరిడా సంస్థలో తొలగింపుకు గురైనవారేనని అది తేల్చింది. వీరు మళ్లీ తొలగింపుకు గురయ్యే అవకాశం మిగతావారికంటే ఎక్కువని, వనరులు తక్కువగా ఉన్న చిన్న సంస్థల్లో చేరుతుంటారని కూడా చెప్పింది. శిక్షణ పొందిన మనిషి దొరికితే అకాడమీ ఖర్చు, నెలల ఎదురుచూపు తప్పుతాయి కాబట్టి చిన్న ఊళ్లు ఇలాంటివారిని తీసుకోవడంలో నాకు ఆశ్చర్యమేమీ లేదు.

ఆదోనికి చెందిన విద్యార్థిని జాహ్నవి కందుల 2023 జనవరి 23న సియాటెల్‌లో రోడ్డు దాటుతుండగా పోలీసు కారు ఢీకొని మరణించిన సంగతి తెలుగువారందరికీ తెలిసిందే. గంటకు 25 మైళ్ల పరిమితి ఉన్న వీధిలో ఆ కారు వేగం 74 మైళ్ల దాకా వెళ్లింది. దాన్ని నడిపిన అధికారిని 2013లో అరిజోనాలోని టక్సన్ పోలీసు శాఖ ఉద్యోగం నుంచి తొలగించిందని, సియాటెల్ 2019లో చేర్చుకుందని తరువాత వార్తల్లో వచ్చింది. ఒకచోట తొలగింపు మరోచోట నియామకాన్ని ఆపలేదనడానికి మనకు తెలిసిన ఉదాహరణ ఇది. అయితే తొలగింపు ఉన్నంత మాత్రాన మనిషిని పనికిరానివాడిగా తేల్చేయడమూ సరికాదు. దాని కారణం చదవాలి.

అపోహ: స్వయంగా రాజీనామా చేస్తే రికార్డు శుభ్రంగా ఉన్నట్టే.

వాస్తవం: నేను అన్నిటికంటే ఎక్కువ అనుమానించేది విచారణ మధ్యలో వచ్చిన రాజీనామానే. అధికారి వెళ్లిపోగానే చాలాచోట్ల విచారణను అక్కడికే ఆపేస్తారు. నిర్ధారణ లేకపోతే రాష్ట్రానికి పంపడానికి ఏమీ ఉండదు, సూచికలో పేరు చేరదు. కొన్నిసార్లు రాజీ ఒప్పందంలో, మంచీ చెడూ బయటపెట్టకుండా ఉద్యోగ తేదీలు మాత్రమే చెప్పాలన్న షరతు ఉంటుంది. పాత యజమానికి ఉత్తరం రాస్తే తేదీలతో సరిపెట్టిన జవాబు వస్తుంది. దావా వేస్తారేమోనన్న భయం కూడా అందుకు ఒక కారణం. కాలిఫోర్నియా చట్టం ఈ లొసుగును గుర్తించి, అధికారి మానేసినా తీవ్రమైన ఆరోపణపై విచారణ పూర్తిచేయాలని నిర్దేశించింది. నా దృష్టిలో ఆ చట్టంలో లైసెన్సు రద్దు కంటే విలువైన భాగం ఇదే.

అపోహ: క్రిమినల్ కేసు లేకపోతే చాలు.

వాస్తవం: అమెరికా సుప్రీంకోర్టు 1963లో ఇచ్చిన బ్రేడీ తీర్పు ప్రకారం, నిందితుడికి అనుకూలించే ఆధారాలను ప్రాసిక్యూటర్ అతనికి ఇవ్వాలి. సాక్ష్యం చెప్పే పోలీసు గతంలో అబద్ధమాడి ఉంటే అదీ అందులోకి వస్తుందని తరువాతి తీర్పులు స్థిరపరిచాయి. అందుకే చాలా ప్రాసిక్యూటర్ కార్యాలయాలు నమ్మదగని అధికారుల జాబితాలు ఉంచుకుంటాయి. అందులో పేరున్నవారు కోర్టులో సాక్షిగా నిలబడటం కష్టం కాబట్టి, కేసుల దర్యాప్తులో వారివల్ల ప్రయోజనమూ తక్కువే.

అపోహ: రికార్డు ఎక్కడో ఉంటే సరిపోతుంది, నియమించేవారు చూసుకుంటారు.

వాస్తవం: క్లీవ్‌లాండ్‌లో 2014 నవంబరు 22న పన్నెండేళ్ల తమీర్ రైస్‌ను కాల్చి చంపిన అధికారి అంతకుముందు ఒహాయోలోనే ఇండిపెండెన్స్ అనే చిన్న ఊళ్లో పనిచేశాడు. తుపాకీ శిక్షణలో అతని ప్రవర్తన గురించి, మానసిక నిలకడ లేకపోవడం గురించి పై అధికారి రాసిన పత్రం అక్కడి ఫైలులో ఉంది. క్లీవ్‌లాండ్ శాఖ ఆ ఫైలు చూడకుండానే అతన్ని నియమించింది. దరఖాస్తులో తప్పుడు వివరాలు ఇచ్చాడన్న కారణంతో 2017లో తొలగించింది. ఈ ఉదంతంలో ఏ డేటాబేసు లోపమూ లేదు. కాగితం పక్క ఊళ్లోనే ఉంది, తెరిచి చూసినవారు లేరు.

అపోహ: రికార్డులు ఉంచితే దొంగ ఫిర్యాదులు నిజాయతీపరులను ముంచేస్తాయి.

వాస్తవం: ఫిర్యాదుల సంఖ్యను మాత్రమే లెక్కిస్తే ఈ భయం సమంజసమే, ఎందుకంటే గొడవలు ఎక్కువగా ఉండే ప్రాంతంలో రాత్రి డ్యూటీ చేసేవారిపై సహజంగానే ఎక్కువ ఫిర్యాదులు వస్తాయి. నిర్ధారణ అయినవి, కానివి, విచారణ అసంపూర్తిగా ఆగినవి విడివిడిగా నమోదు కావాలి, అధికారి వివరణ కూడా పక్కనే ఉండాలి. అలా ఉన్న రికార్డు తప్పుడు ఆరోపణ నుంచి అధికారిని కాపాడుతుంది కూడా.

ఇల్లినాయ్‌లో 2024 జులై 6న ఇంటి దగ్గర ఎవరో తిరుగుతున్నారని 911కు ఫోన్ చేసిన సోన్యా మాసీని, ఆ పిలుపు మీద వచ్చిన షెరిఫ్ డిప్యూటీ ఆమె ఇంట్లోనే కాల్చి చంపాడు. అతను నాలుగేళ్లలో ఆరు సంస్థల్లో పనిచేశాడు, తాగి వాహనం నడిపిన కేసులు రెండున్నాయి. ఆ తరువాత ఆమె పేరుతో 2025లో వచ్చిన రాష్ట్ర చట్టం, పాత యజమానుల దగ్గరున్న రికార్డులన్నీ బయటపెట్టడానికి అభ్యర్థి ముందే అంగీకారం ఇవ్వాలని, నియమించే సంస్థ వాటిని పరిశీలించాలని నిర్బంధం చేసింది. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చే అభ్యర్థి విషయంలో మాత్రం అవతలి సంస్థ తన రాష్ట్ర చట్టం అనుమతించినంతే ఇస్తుంది. అలాంటి దరఖాస్తు వచ్చినప్పుడు ఉత్తరంతో ఆగకుండా, సంతకం చేసిన అంగీకార పత్రం పట్టుకుని పాత ఊరికి వెళ్లి ఫైలు చదవడం, అతనికి పై అధికారిగా ఉన్న సార్జెంటుతో ముఖాముఖి మాట్లాడడం ఇప్పటికీ తప్పదు.