నెలకు మూడు ఎన్నికలు: ఈరిపబ్లిక్‌లో పార్టీల వైరం, పొత్తుల వెనక కథ

ఈరిపబ్లిక్ అనే ఆన్‌లైన్ ఆట ఆడినవాళ్లను అడిగితే మూడు తారీఖులు టక్కున చెబుతారు. 5న దేశ ప్రెసిడెంట్ ఎన్నిక, 15న పార్టీ ప్రెసిడెంట్ల ఎన్నిక, 25న కాంగ్రెస్ ఎన్నిక. ఆటలో తేదీ అమెరికా పసిఫిక్ టైమ్‌ను బట్టి మారుతుంది. అందుకే ఇండియాలో కూర్చుని ఆడేవాళ్లకు పోలింగ్ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మొదలయ్యేది, అక్కడ వేసవి వేళలు నడిచే నెలల్లో పన్నెండున్నరకు. నిన్నటిదాకా తిట్టుకున్న పార్టీలు ఈరోజు కలిసి ఓట్లు లెక్కపెట్టుకోవడం ఎందుకో తెలియాలంటే ముందు ఈ క్యాలెండర్ చూడాలి.

అలెక్సిస్ బాంటే, జార్జ్ లెమ్నారు మొదలుపెట్టిన ఈ బ్రౌజర్ గేమ్‌ను 2007 నవంబరు నుంచి కొద్దిమందితో పరీక్షించి, 2008 అక్టోబరులో అందరికీ తెరిచారు. ఆటగాడు ఏదో ఒక దేశానికి పౌరుడు. పని చేస్తాడు, యుద్ధాల్లో పోరాడతాడు, పత్రిక పెడతాడు, పార్టీలో చేరతాడు. కాంగ్రెస్‌కు నెగ్గితే పన్నులు మార్చే, ఖజానా నుంచి డబ్బు పంపే, ప్రెసిడెంట్‌ను దించే తీర్మానాల మీద ఓటు వస్తుంది. పైగా 5 గోల్డ్ (ఆటలోని డబ్బు) బహుమతి. ఆ బహుమతి కోసమే టికెట్ అడిగేవాళ్లు ఉండేవారు. పార్టీల్లో సగం గొడవలు అక్కడే పుట్టాయని నా నమ్మకం.

టికెట్లు ఇచ్చే హక్కు మాత్రం సభ్యుల సంఖ్యలో మొదటి ఐదు స్థానాల్లో ఉన్న పార్టీలకే. ఆరో పార్టీకి ఎంత మంచి మనుషులున్నా ఆ నెల చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. అందుకే కొత్తగా చేరిన ఆటగాడి కోసం అంత పోటీ. చిన్న పార్టీలు విలీనమయ్యేవి, అలిగి మళ్లీ విడిపోయేవి.

అసలు భయం బయటి నుంచి వచ్చేది. ఆటగాళ్ల మాటల్లో దాని పేరు పీటీవో, అంటే పొలిటికల్ టేకోవర్. మన మాటలో చెప్పాలంటే దేశాన్నే కబ్జా చెయ్యడం. తొలి రోజుల్లో వేరే దేశం వాళ్లు గుంపుగా వచ్చి, పార్టీలో చేరి, ఓటెయ్యడానికి పెద్ద అడ్డేమీ లేదు. పార్టీలో చేరాలంటే ఒక్క క్లిక్ చాలు. 14వ తారీఖు రాత్రి సభ్యుల జాబితాలో ఎప్పుడూ చూడని పేర్లు పదీ పదిహేను కనిపించాయంటే ఇక నిద్ర పట్టదు. పోలింగ్ ముగిసేసరికి సొంత పార్టీకే పరాయివాడు ప్రెసిడెంట్ అయి కూర్చోవచ్చు. ఇక టికెట్లు అతని చేతిలో, పది రోజులాగితే కాంగ్రెస్, దాని వెంట ఖజానా.

వంద, రెండొందల మంది చురుగ్గా ఆడే దేశానికి ఇది నిజంగా ప్రాణసంకటం. అక్కడే పార్టీల మధ్య సహకారం మొదలైంది. అప్పట్లో కాంగ్రెస్ ఓటు, ఆటగాడు ఏ ప్రాంతంలో ఉంటే అక్కడే పడేది. కాబట్టి ప్రత్యర్థి పార్టీల నాయకులు ఐఆర్‌సీ అనే ఇంటర్నెట్ చాట్ గదిలో కూర్చుని, ఏ ప్రాంతంలో ఎన్ని ఓట్లు తగ్గాయో చూసి, నమ్మకమైనవాళ్లను ఆటలో ప్రయాణ టికెట్ కొని అక్కడికి వెళ్లమనేవారు. తమ అభ్యర్థిని పక్కనపెట్టి ఎదుటి పార్టీవాడికి ఓటెయ్యమని చెప్పాల్సి వచ్చేది. ఆ మాట చెప్పడానికి గుండె నిబ్బరం కావాలి. ప్రెసిడెంట్ ఎన్నికల్లోనూ అంతే, నాలుగైదు పార్టీలు ఒక్కడి వెనకే నిలబడేవి.

పెద్ద దేశాల్లో పార్టీలను కలిపే పని యుద్ధం చేసింది. 2009లో ఆటలోని పీస్ కూటమి దేశాలు ఆటలోని అమెరికా మీద పడ్డప్పుడు ప్రాంతాలు ఒక్కొక్కటిగా చేజారాయి. పన్నుల మీద వాదించుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది.

తర్వాత ఆట నిర్వాహకులు పౌరసత్వం ఇచ్చే అధికారాన్ని కాంగ్రెస్ సభ్యుల చేతిలో పెట్టారు. కబ్జాలు కష్టమయ్యాయి. దాంతోపాటు ఇంకోటి జరిగింది, అదే నాకు బాధ. కబ్జా భయంతో ఒక్కటైన పాత నాయకులే ఇప్పుడు గుమ్మం దగ్గర కాపలా. నిజంగా ఆ దేశం మీద ఇష్టంతో వచ్చినవాడు కూడా నువ్వెవరి మనిషివి, ఇంతకుముందు ఎక్కడ ఆడావు అనే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. కొందరు ఓపిగ్గా చెప్పారు. కొందరు దరఖాస్తు పెట్టి, రెండు మూడు రోజులు చూసి, మళ్లీ లాగిన్ కాలేదు.