కొండ జిల్లాల చట్టసభలు: ఆరో షెడ్యూల్ కౌన్సిళ్ల మీద అపోహలు, వాస్తవాలు

పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు వైపు భూమి కేసులు చూసే న్యాయవాదిని నేను. ఏజెన్సీ ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగంలోని ఐదో షెడ్యూల్ నా రోజువారీ పని. దాని పక్కన పెట్టి చూడాల్సి రావడంతో, ఈశాన్యంలో కొన్ని కొండ జిల్లాలకు ఎన్నికైన అటానమస్ కౌన్సిళ్లను ఇచ్చిన ఆరో షెడ్యూల్ చట్టాలు, తీర్పులు చదవడం, పని పడినప్పుడు షిల్లాంగ్ వెళ్లిరావడం అలవాటైంది. లద్దాఖ్ ఆందోళన వార్తల్లోకి వచ్చాక ఆరో షెడ్యూల్ అన్న మాట మన దగ్గరా బాగా వినిపిస్తోంది. గిరిజన సంఘాల మీటింగుల్లో, గ్రూప్స్ కోచింగ్ క్లాసుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో దాని గురించి చెబుతున్నవాటిలో సగానికి పైగా తప్పులే. ఆ కౌన్సిళ్లకు నిజంగా ఉన్న అధికారం ఎంతో తెలియకుండా వాటిని మెచ్చుకున్నా, కొట్టిపారేసినా ఆదివాసీ స్వపరిపాలనకు నష్టమే. అందుకే కాస్త ఓపిగ్గా రాస్తున్నాను.

అపోహ: "మన ఏజెన్సీ కూడా దాదాపు అలాంటిదే కదా!"

కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీలు ఐదో షెడ్యూల్ కింద ఉన్నాయి. అక్కడ ప్రత్యేక చట్టం చేసే అధికారం గవర్నర్‌ది. 1/70 అని మనమంతా పిలిచే భూబదలాయింపు నిబంధన అలా వచ్చిందే. గిరిజన సలహా మండలి ఉంటుంది, 20 మందికి మించకుండా. అందులో దాదాపు ముప్పావు వంతు గిరిజన ఎమ్మెల్యేలు. కానీ పేరులో ఉన్నట్టే అది సలహా ఇస్తుంది, అంతే. ఏజెన్సీ ప్రజలు ఓటేసి ఎన్నుకున్న చట్టసభ ఐదో షెడ్యూల్‌లో ఎక్కడా లేదు. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు, ఆ జీవో వెనుక ఉన్నది గవర్నర్ అధికారమే. ఆ అధికారానికి హద్దు ఎక్కడన్నదే అక్కడి ప్రశ్న.

ఆరో షెడ్యూల్ అలా కాదు. అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరం, ఈ 4 రాష్ట్రాల్లో మొత్తం 10 కౌన్సిళ్లున్నాయి. మామూలుగా కౌన్సిల్‌లో 30 మందికి మించకూడదు, అందులో గవర్నర్ నామినేట్ చేసేవాళ్లు 4గురికి మించకూడదు. మిగతా అందరూ వయోజన ఓటుతో గెలిచి రావాల్సిందే. కాలపరిమితి 5 ఏళ్లు. మేఘాలయలోని ఖాసీ హిల్స్ కౌన్సిల్‌లో 29 మంది ఎన్నికైనవాళ్లు, ఒకరు నామినేటెడ్. అస్సాంలోని కర్బీ ఆంగ్లాంగ్‌లో 26 మంది ఎన్నికైనవాళ్లు, నలుగురు నామినేటెడ్. అస్సాంలోనే ఉన్న బోడోలాండ్‌కు మాత్రం 2003 సవరణ వేరే లెక్క ఇచ్చింది. అక్కడ 46 మంది వరకు ఉండొచ్చు.

అపోహ: "అదొక పెద్ద జిల్లా పరిషత్, అంతకన్నా ఏం లేదు."

ఎక్కువగా వినిపించేది ఇదే. ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. జిల్లా పరిషత్ రాష్ట్ర చట్టం వల్ల పుట్టింది, రాష్ట్రం ఇచ్చిన పనులు చేస్తుంది, చట్టం చేయలేదు. జిల్లా కౌన్సిల్ నేరుగా రాజ్యాంగం నుంచి పుట్టింది. షెడ్యూల్ 3వ పేరా తీసి చూడండి. రిజర్వ్ ఫారెస్టు కాని అడవి, భూమి కేటాయింపు, వాడకం, సాగునీటి కాలువలు, పోడు సేద్యం, గ్రామ పాలన, గ్రామాధిపతుల నియామకం, వారసత్వం, పెళ్లి, విడాకులు, సామాజిక ఆచారాలు, వీటన్నిటి మీద కౌన్సిల్ చట్టం చేయొచ్చు. పెళ్లి, విడాకుల మీద ఏ జిల్లా పరిషత్ చట్టం చేయగలదు?

సభ నడిచే తీరూ అసెంబ్లీ లాంటిదే. సభ్యుణ్ని ఎండీసీ అంటారు. సభాధ్యక్షుడు చైర్మన్. కార్యనిర్వాహక కమిటీ పెద్దను సీఈఎం అంటారు, అంటే చీఫ్ ఎగ్జిక్యూటివ్ మెంబర్. ఆయన్ని సభే ఎన్నుకుంటుంది, ఆయన కింద శాఖలు చూసే ఈఎంలు ఉంటారు. అధికార పక్షం, ప్రతిపక్షం, అవిశ్వాసం, పార్టీ ఫిరాయింపులు, అన్నీ ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో ఖాసీ హిల్స్ ఎన్నికల్లో వాయిస్ ఆఫ్ ది పీపుల్ పార్టీ 29కి 17 గెలిచింది. రాష్ట్రంలో అధికారంలో ఉన్నది వేరే కూటమి. రాష్ట్రంలో ఒకరు, కౌన్సిల్‌లో ఇంకొకరు గెలవడం అక్కడ వింతేమీ కాదు.

దీనికి తోడు కోర్టులు. 4వ పేరా కింద గ్రామ కోర్టులు, జిల్లా కౌన్సిల్ కోర్టులు ఉన్నాయి. ఇరుపక్షాలూ ఆ ప్రాంత షెడ్యూల్డ్ తెగలవాళ్లయితే వ్యాజ్యాన్ని అవే విచారిస్తాయి. చట్టం చేయడం, అమలు చేయడం, తీర్పు చెప్పడం, మూడూ ఒకే వ్యవస్థ నీడలో ఉండటం మంచిదేనా అని అడిగితే, నాకు కోర్టుల విషయంలో అభ్యంతరం ఉంది. న్యాయం చెప్పేవాళ్ల నియామకం కార్యనిర్వాహక కమిటీకి దూరంగా జరగాలి. కానీ ఇన్ని అధికారాలున్న సంస్థను జిల్లా పరిషత్ అనడం మాత్రం కుదరదు.

కౌన్సిల్ అధికారాన్ని సుప్రీంకోర్టు తొలినాళ్లలోనే గుర్తించింది. ఖాసీలలో సంప్రదాయ పాలకుణ్ని సియెమ్ అంటారు. మిల్లియెమ్ అనే పాత ఖాసీ సంస్థానపు సియెమ్‌ను కౌన్సిల్ కార్యనిర్వాహక కమిటీ సస్పెండ్ చేస్తే, సియెమ్‌ల నియామకం మీద ఇంకా చట్టమే చేయలేదు కదా, మరి ఎలా తీసేస్తారని వ్యాజ్యం నడిచింది. 1960లో రాజ్యాంగ ధర్మాసనం కౌన్సిల్ వైపే నిలబడింది. కౌన్సిల్ చట్టసభ మాత్రమే కాదు, పాలనా సంస్థ కూడా, చట్టం వచ్చేదాకా పాలన ఆగనక్కర్లేదు అని దాని సారాంశం. రాజవంశం నుంచి వచ్చిన అధిపతి మీద ఓటుతో వచ్చిన సభకు పైచేయి ఇచ్చిన తీర్పు అది. అందుకే నాకది ఇష్టమైన తీర్పు.

అపోహ: "కౌన్సిల్ పాస్ చేసిందంటే చట్టం వచ్చేసినట్టే."

పత్రికలు కూడా పదేపదే చేసే తప్పు ఇది. 3వ పేరా కింద చేసిన ప్రతి చట్టం గవర్నర్‌కు వెళ్లాలి. ఆయన ఆమోదం పడేదాకా దానికి ఎలాంటి బలమూ లేదు. మేఘాలయలో ఆ ఫైలు మధ్యలో రాష్ట్ర ప్రభుత్వ జిల్లా కౌన్సిల్ వ్యవహారాల శాఖ మీదుగా నడుస్తుంది. ఆ శాఖ సందేహాలు అడుగుతుంది, వెనక్కి పంపుతుంది, కౌన్సిల్ మళ్లీ సర్ది పంపుతుంది.

ఎంత కాలం పడుతుందో ఒక్క ఉదాహరణ చాలు. ఖాసీలది తల్లి వంశం, పిల్లలకు తల్లి ఇంటి పేరే వస్తుంది. ఆ ఆచారాన్ని చట్టంలో పెడుతూ ఖాసీ హిల్స్ కౌన్సిల్ 1997లో ఖాసీ వంశాచార చట్టం చేసింది. గవర్నర్ ఆమోదం 2005లో వచ్చింది. ఈలోగా సభ కాలం ముగిసి కొత్త సభ కూడా వచ్చేసింది. 2018లో అదే చట్టానికి సవరణ తెచ్చారు. ఖాసీయేతరుణ్ని పెళ్లాడిన ఖాసీ స్త్రీ, ఆమె పిల్లలు ఖాసీ హోదా కోల్పోతారన్నది దాని సారం. సభ ఆమోదించగానే దేశమంతా "చట్టం వచ్చేసింది" అని హెడ్డింగులు పెట్టారు. రాలేదు. అది బిల్లుగానే గవర్నర్ దారిలో ఆగింది. ఆ సవరణ స్త్రీలకు అన్యాయమనే నా అభిప్రాయం. అయినా ఎన్నికైన సభ చేసిన చట్టం ఏళ్ల తరబడి ఔననీ కాదనీ చెప్పకుండా ఫైలులో ఉండిపోవడం, అది మంచి చట్టమైనా చెడ్డదైనా, తప్పే.

అపోహ: "కొండల్లో భూమి, గనులు అన్నీ కౌన్సిల్ చేతిలోనే."

భూమి గురించి ముందు. 3వ పేరాలో ఉన్నది భూమి కేటాయింపు, అనుభవం, వాడకం. అమ్మకం గురించి ఆ మాటల్లో లేదు. అప్పటి ఖాసీ-జైంతియా కౌన్సిల్ భూబదలాయింపు మీద 1953లో ఒక చట్టం చేసుకుంది. 1970ల మొదట్లో సుప్రీంకోర్టు ఆ అధికారం కౌన్సిల్‌కు లేదని తేల్చింది. ఇవాళ మేఘాలయలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా కాపాడుతున్నది ప్రధానంగా 1971 నాటి రాష్ట్ర చట్టం. మన 1/70 చేసే పనే అది.

ఇక గనులు. 9వ పేరా ప్రకారం ఖనిజాల లైసెన్సులు, లీజులు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. కౌన్సిల్‌కు వచ్చేది రాయల్టీలో వాటా. మేఘాలయ బొగ్గు గనుల కేసులో 2019 జూలైలో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. భూమి కింద ఉన్న బొగ్గు భూమి యజమానిదే కావచ్చు, కానీ తవ్వాలంటే 1957 నాటి కేంద్ర గనుల చట్టం కింద లీజు తీసుకోవాల్సిందే. ఆరో షెడ్యూల్ ప్రాంతం అన్నంత మాత్రాన ఆ చట్టం ఆగిపోదు.

అపోహ: "ఆరో షెడ్యూల్ అంటే ఎక్కడైనా ఒకటే."

లాయర్లు కూడా ఇక్కడ పొరబడతారు. అస్సాంలో 12వ పేరా వర్తిస్తుంది. 3వ పేరాలోని అంశాల మీద రాష్ట్ర శాసనసభ చట్టం చేస్తే, కౌన్సిల్ ఒప్పుకుంటేనే అది ఆ జిల్లాలో అమలవుతుంది. మేఘాలయలో 12ఎ. అక్కడ కౌన్సిల్ చట్టానికి, రాష్ట్ర చట్టానికి పొసగకపోతే రాష్ట్ర చట్టమే నిలుస్తుంది. అంటే కర్బీ ఆంగ్లాంగ్ కేంద్రమైన దిఫూలో కూర్చున్న సభకున్న రక్షణ షిల్లాంగ్‌లో కూర్చున్న సభకు లేదు.

దీనికి కారణం చరిత్రలో ఉంది. రాజ్యాంగ సభకు చెందిన బోర్డోలోయ్ ఉపసంఘం ఈ ఏర్పాటును రూపొందించినప్పుడు కొండ జిల్లాలన్నీ అస్సాంలోనే ఉన్నాయి. మైదానపు మెజారిటీ నుంచి కొండలకు రక్షణ కావాలన్నది అప్పటి ఆలోచన. ఖాసీ కొండల నుంచి వచ్చిన జె.జె.ఎం. నికోల్స్ రాయ్ రాజ్యాంగ సభలో దాని కోసం గట్టిగా నిలబడ్డారు. 1972లో మేఘాలయ పూర్తి రాష్ట్రమయ్యాక కొండవాళ్లదే రాష్ట్ర శాసనసభ అయింది. అప్పటికే కౌన్సిల్ కన్నా రాష్ట్రానిదే పైచేయి అని రాసేశారు. రాష్ట్రమే మనదైనప్పుడు కౌన్సిల్ ఎందుకని షిల్లాంగ్‌లో ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. గ్రామాధిపతి నియామకం, ఊరి అడవి, వంశాచారం లాంటివి రాష్ట్ర సచివాలయానికి పోతే వాటిని పట్టించుకునేవాళ్లుండరు.

అపోహ: "ఈశాన్యం మొత్తం, ఇంకా లద్దాఖ్, డార్జిలింగ్ కూడా ఇందులోనే."

నాగాలాండ్, అరుణాచల్ లేవు. నాగా హిల్స్ మొదట్లో షెడ్యూల్ జాబితాలో ఉన్నా అక్కడ కౌన్సిల్ ఏర్పడనే లేదు. మణిపూర్ కొండ జిల్లాల కౌన్సిళ్లు వేరే చట్టం కిందివి. డార్జిలింగ్‌ది పశ్చిమ బెంగాల్ చేసిన చట్టం. లద్దాఖ్‌లో లేహ్‌కు 1995లో, కార్గిల్‌కు 2003లో హిల్ కౌన్సిళ్లు వచ్చాయి. ఒక్కోదానిలో 30 మంది, 26 ఎన్నికైనవాళ్లు, 4 నామినేటెడ్. కర్బీ ఆంగ్లాంగ్ లెక్కే. కానీ అవి చట్టం చేయలేవు. 2019లో అసెంబ్లీ లేని కేంద్రపాలిత ప్రాంతమయ్యాక లద్దాఖ్ ప్రజలకు తమ నేల మీద చట్టం చేసే సభ అంటూ ఏదీ లేకుండా పోయింది. 2025 సెప్టెంబర్ 24న లేహ్‌లో నలుగురు చనిపోయిన ఆందోళనలో ప్రధాన డిమాండ్లు రెండు: రాష్ట్ర హోదా, ఆరో షెడ్యూల్. వాళ్లు అడుగుతున్నది 3వ పేరా అధికారాన్ని, ఇంకో అభివృద్ధి బోర్డును కాదు.

అపోహ: "అక్కడ బయటివాళ్లు షాపు కూడా పెట్టుకోకూడదు."

పెట్టుకోవచ్చు. గిరిజనేతరుల వ్యాపారం, వడ్డీ వ్యాపారం మీద కౌన్సిల్ 10వ పేరా కింద నిబంధనలు చేయొచ్చు. కాకపోతే దానికి మొత్తం సభ్యుల్లో ముప్పావు వంతు మద్దతు కావాలి. ఖాసీ కొండల్లో 1954 నుంచి అలాంటి నిబంధన ఉంది, లైసెన్సు తీసుకుని వ్యాపారం చేస్తారు. షిల్లాంగ్‌లో ఇంకో మెలిక ఉంది. కంటోన్మెంటు కౌన్సిల్ పరిధిలోకి రాదు. మునిసిపాలిటీలో పాత మిల్లియెమ్ సంస్థానానికి చెందిన భాగం వస్తుంది, మిగతాది రాదు. వచ్చే భాగంలో కూడా ఈ వ్యాపార లైసెన్సు అధికారం, మరికొన్ని అధికారాలు మునిసిపాలిటీ హద్దుల్లో పనిచేయవని 20వ పేరాలోనే రాసి ఉంది. ఉద్యోగాల మీద వెళ్లి అక్కడ చిన్న హోటలో, షాపో పెట్టాలనుకునే మనవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ స్థలం ఏ హద్దులో ఉందో కాగితం మీద చూసుకోండి.

అపోహ: "అటానమస్ అంటే డబ్బు కూడా వాళ్లదే."

కౌన్సిల్ వేయగల పన్నులు కొన్నే. భూమిశిస్తు, టోలు, వృత్తులు, వాహనాలు, పడవలు, మార్కెట్లోకి వచ్చే సరుకు, వినోదం వంటివి. మిగతాది రాయల్టీ వాటా, గ్రాంట్లు. 2014 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మేఘాలయలో ఎలుకబొరియల (మనిషి పాక్కుంటూ వెళ్లేంత ఇరుకు సొరంగాల) బొగ్గు తవ్వకాన్ని ఆపినప్పుడు పర్యావరణానికి అది అవసరమే, కానీ కౌన్సిళ్ల ఖజానాకు పెద్ద దెబ్బ తగిలింది. ఆర్థిక సంఘం గురించి చెప్పే రాజ్యాంగం 280వ అధికరణ పంచాయతీలు, మునిసిపాలిటీల పేరు చెబుతుంది గానీ ఈ కౌన్సిళ్ల పేరు చెప్పదు. 15వ ఆర్థిక సంఘం ఆ ప్రాంతాలకూ గ్రాంట్లు సిఫారసు చేసింది. అయితే ఒక సంఘం దయతలచి ఇవ్వడం వేరు, రాజ్యాంగంలో హక్కుగా ఉండటం వేరు. ఆ హక్కు కల్పించేందుకే 2019లో 125వ సవరణ బిల్లును రాజ్యసభలో పెట్టారు.

అపోహ: "మన ఏజెన్సీకి కూడా ఆరో షెడ్యూల్ పెడుతున్నామని ఒక జీవో ఇస్తే చాలు."

జీవోతో అయ్యే పని కాదు. 244వ అధికరణలో ఆ 4 రాష్ట్రాల పేర్లు రాసి ఉన్నాయి. ఇంకో రాష్ట్రం చేరాలంటే రాజ్యాంగాన్నే సవరించాలి. త్రిపుర కోసం 1984లో 49వ సవరణ అలా చేసిందే.

అంతదాకా వెళ్లకుండానే మన చేతిలో ఉన్నది ఒకటుంది, దాని గురించి దాదాపు ఎవరూ మాట్లాడరు. షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం 4వ సెక్షన్‌లో 'ఓ' అనే క్లాజు చదవండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో జిల్లా స్థాయి పంచాయతీ ఏర్పాట్లు చేసేటప్పుడు రాష్ట్ర శాసనసభ ఆరో షెడ్యూల్ పద్ధతిని అనుసరించడానికి ప్రయత్నించాలని అందులో ఉంది. గ్రామసభ తీర్మానాల గురించి మన ఏజెన్సీలో ఎన్నో పోరాటాలు జరిగాయి, జరగాలి కూడా. ఈ క్లాజు మాత్రం పడి ఉంది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చినప్పుడు పాడేరులో కలెక్టరేట్ వచ్చింది, ఆరో షెడ్యూల్ పద్ధతిలో ఎన్నికైన జిల్లా మండలి రాలేదు. దీనికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేస్తే చాలు. గిరిజన సంఘాల మిత్రులు వచ్చే వినతిపత్రంలో "ఆరో షెడ్యూల్ ఇవ్వండి" అన్న వాక్యం పక్కన ఈ క్లాజు నంబరు కూడా రాయండి.