మిలటరీలో పట్టుబడ్డ తాతగారి కోసం వెతుకుతున్నారా? అపోహలు - వాస్తవాలు

రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలోకి వెళ్లి, శత్రువు చేతికి చిక్కిన మనవాళ్ల వివరాలు వాళ్ల కుటుంబాలకు వెతికి పెట్టడం నా పని. వచ్చేవాళ్ల దగ్గర సాధారణంగా ఒక పాత ఫొటో, రెండు మూడు పతకాలు, ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే ఒక కథ ఉంటాయి. ఆ కథను పట్టుకుని దస్త్రాల్లోకి దిగితే తప్పు మనిషి దొరకడం ఖాయం. ముందు కావలసింది రెజిమెంటల్ నంబరు (సైన్యంలో ఒక్కో సిపాయికీ ఇచ్చే సొంత నంబరు), యూనిట్ పేరు. కథ ఎంతవరకు నిజమో ఆ తర్వాత అవే చెబుతాయి.

అపోహ: సింగపూర్‌లో పట్టుబడ్డారంటే నేతాజీ సైన్యంలో చేరినట్టే.

అందరికంటే ఎక్కువగా నేను వినేది ఇదే. సింగపూర్ 1942 ఫిబ్రవరి 15న లొంగిపోయింది. రెండు రోజుల తర్వాత ఫారర్ పార్క్ మైదానంలో సుమారు 45 వేల మంది భారతీయ సైనికులను జపాన్‌వాళ్లకు అప్పగించారు. అక్కడి నుంచి దారులు చీలిపోయాయి. కొందరు ఇండియన్ ఆర్మీ కెప్టెన్ మోహన్ సింగ్ పెట్టిన మొదటి ఐఎన్ఏ (ఇండియన్ నేషనల్ ఆర్మీ, జనం నేతాజీ సైన్యం అనేది దీన్నే)లో చేరారు. అది ఆ డిసెంబరులోనే రద్దయింది, చేరినవాళ్లలో కొందరు మళ్లీ ఖైదీలయ్యారు. 1943 జులైలో సుభాష్ చంద్రబోస్ సింగపూర్ వచ్చాక కొత్తగా చేరినవాళ్లు ఉన్నారు, మొదటిసారి చేరి రెండోసారి ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. అసలు ఏ ఐఎన్ఏలోనూ చేరనివాళ్లను వేల సంఖ్యలో ఓడలెక్కించి న్యూగినీ, న్యూబ్రిటన్, బోర్నియోలకు కూలిపనికి తోలారు. అక్కడ తిండి లేక, మలేరియాతో, బెరిబెరితో చాలామంది ప్రాణాలు పోయాయి.

‘మా తాత ఐఎన్ఏలో లేడా?’ అని మనవలు ముఖం చిన్నబుచ్చుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. న్యూగినీ అడవుల్లో ఏళ్ల తరబడి బతికి బయటపడ్డ మనిషి తక్కువవాడేం కాదు.

ఐఎన్ఏలో చేరినవాళ్ల ఆనవాళ్లు వేరే చోట దొరుకుతాయి. యుద్ధం అయ్యాక బ్రిటిష్‌వాళ్లు వారిని విచారించి వైట్, గ్రే, బ్లాక్ అని మూడు రకాలుగా విడగొట్టారు. బ్లాక్, అంటే ఐఎన్ఏకు పూర్తిగా కట్టుబడ్డారని తేల్చినవాళ్లను ఉద్యోగం లోంచి తీసేశారు, బకాయి జీతం కూడా పోయింది. అందుకే డిశ్చార్జి కాగితం మీద ‘డిస్మిస్’ అని కనబడగానే దొంగతనమో, పారిపోవడమో అని కంగారు పడకండి. 1972లో కేంద్రం మొదలుపెట్టిన స్వాతంత్ర్య సమరయోధుల పింఛను ఐఎన్ఏ వాళ్లకూ వచ్చింది. ఇంట్లో ఎవరైనా ఆ పింఛను తీసుకున్నారేమో అడగండి. ఆ దరఖాస్తులో పట్టుబడిన చోటు, తేదీ, క్యాంపు పేరు ఆయన సొంత మాటల్లో ఉంటాయి.

అపోహ: హైదరాబాద్ రెజిమెంట్ అంటే నిజాం సైన్యం.

తెలంగాణ కుటుంబాలు ఇక్కడే దారి తప్పుతాయి. మలయా (ఇప్పటి మలేషియా) యుద్ధంలో ‘హైదరాబాద్’ పేరుతో రెండు వేర్వేరు దళాలు ఉన్నాయి. ఒకటి 19వ హైదరాబాద్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్. ఇది బ్రిటిష్ ఇండియన్ ఆర్మీది. పూర్వపు హైదరాబాద్ కంటింజెంట్ (నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారుల కింద నడిచిన సేన) నుంచి వచ్చింది కాబట్టి ఆ పేరు నిలిచింది గానీ, అందులో ఎక్కువమంది కుమావోనీలు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరు కుమావోన్ రెజిమెంట్‌గా మారింది, కేంద్రం ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్‌లో ఉంది. రెండోది 1వ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ. నిజాం సంస్థాన సైన్యం నుంచి వెళ్లింది ఇదే. 1941 డిసెంబరు 8న జపాన్ సేన మలయాలోని కోట భారు పట్టణ తీరంలో దిగినప్పుడు అక్కడి విమానాశ్రయానికి కాపలాగా ఉంది.

కాగితంలో యూనిట్ పేరు పక్కన ఐ.ఎస్.ఎఫ్. అనే అక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఇండియన్ స్టేట్ ఫోర్సెస్, అంటే సంస్థానాల సైన్యం అని. అవి ఉంటే రాణీఖేత్‌కు రాసి లాభం లేదు. నిజాం కాలపు దస్త్రాలు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, చాలావరకు ఉర్దూ, పారశీకాల్లో. చదివిపెట్టే మనిషిని వెంట తీసుకెళ్లండి.

అపోహ: ఆన్‌లైన్‌లో పేరు కొడితే దొరకలేదు, కాబట్టి ఆయన పేరు లేదు.

అందరూ ముందు చూసేది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా. అందులో చనిపోయినవాళ్లు మాత్రమే ఉంటారు. బతికి ఇంటికొచ్చిన తాతగారు అక్కడ ఎలా కనబడతారు? చనిపోయినవారైనా మన ఇంటిపేరుతో ఉండటం అరుదు. ఒకే అప్పలస్వామి ఒకచోట రెండు ‘పి’లతో, ఇంకోచోట ఒక్క ‘పి’తో, చివర ‘ఐ’తోనో ‘వై’తోనో ఉంటాడు. పేరు వదిలేసి తండ్రి పేరు, ఊరు, యూనిట్‌తో వెతకండి.

జిల్లా కూడా అప్పటిదే పెట్టాలి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో. యుద్ధకాలపు కాగితాల్లో శ్రీకాకుళం మనిషి విశాఖ జిల్లావాడే, ఊరు ‘చికాకోల్’. కృష్ణా జిల్లాకూ, కడపకూ అప్పటి ఇంగ్లిష్ స్పెల్లింగులు వేరు. పాత మద్రాసు ప్రెసిడెన్సీ మ్యాపు ఒకటి పక్కన పెట్టుకుంటే చాలా టైము కలిసొస్తుంది.

దహనం చేసిన హిందూ, సిక్కు సైనికులకు సమాధి రాయి ఉండదు. సింగపూర్‌లోని క్రాంజి యుద్ధ శ్మశానంలో వాళ్ల పేర్లతో విడిగా ఒక స్మారకం ఉంది. ఆచూకీ దొరకనివాళ్ల పేర్లు పక్కనే సింగపూర్ మెమోరియల్ గోడల మీద ఉన్నాయి, అవి 24 వేలకు పైనే.

అపోహ: పతకం ఉందంటే సాహసానికి ఇచ్చిందే.

ఇంట్లో ఉన్నవి ఎక్కువగా ఆరు మొనల కంచు నక్షత్రాలు. అవి సాహసానికి కాదు, ఫలానా రంగంలో పనిచేసినందుకు ఇచ్చినవి. అయినా ఖైదీ కథకు అవే మంచి ఆధారం. మలయాలో పట్టుబడినవారికి రావలసింది పసిఫిక్ స్టార్. రిబ్బను ఆకుపచ్చ, మధ్యలో పసుపు గీత, అంచులు ఎరుపు. బర్మా స్టార్ రిబ్బను ముదురు నీలం, మధ్యలో వెడల్పాటి ఎర్ర గీత. రెండింటికీ అర్హత ఉన్నవారికి నక్షత్రం ఒక్కటే ఇచ్చి, రెండోదానికి గుర్తుగా రిబ్బను మీద చిన్న కడ్డీ పెట్టారు. మీ ఇంట్లో ఆఫ్రికా స్టార్ ఉంటే సింగపూర్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఆయన లిబియా ఎడారిలో చిక్కి, ఇటలీ క్యాంపుల్లో ఉండి ఉండొచ్చు. బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన నక్షత్రాల మీద పేరు ఉండదు గానీ, మనవాళ్లకు ఇచ్చిన వాటి వెనక వైపున సాధారణంగా నంబరు, పేరు, దళం ముద్రించి ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధపు గుండ్రటి పతకమైతే అంచు చుట్టూ నంబరు, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి. అంచును భూతద్దంతో చూడండి గానీ దయచేసి చింతపండుతో తోమకండి.

అపోహ: బర్మా రైలుమార్గంలో పనిచేశారంటే సైనికుడే.

కాకపోవచ్చు. జపాన్ థాయ్‌లాండ్, బర్మాల మధ్య వేయించిన ఆ మరణ రైలుమార్గం మీద పనిచేసిన యుద్ధఖైదీలు ప్రధానంగా బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్ సైనికులు. మనవాళ్లు అక్కడికి వెళ్లింది ఎక్కువగా మలయా రబ్బరు తోటల నుంచి. తమిళ, తెలుగు కూలీలను జపాన్‌వాళ్లు ఆశపెట్టి కొందరిని, బలవంతంగా కొందరిని తీసుకెళ్లారు. లెక్కలేనంత మంది చనిపోయారు, పేర్లు రాసుకున్నవాళ్లు లేరు. మీ కుటుంబం మలయా తోటలకు వలస వెళ్లినదైతే సైనిక దస్త్రాలు వదిలేసి ఆ వైపు వెతకండి.

అపోహ: ‘మిస్సింగ్’ అని టెలిగ్రాం వచ్చింది కాబట్టి అక్కడే చనిపోయారు.

జపాన్ తన దగ్గరున్న ఖైదీల పేర్లు సరిగా పంపేది కాదు. ‘మిస్సింగ్’ అన్నవాళ్లలో కొందరు 1945లో నడిచి ఇంటికొచ్చారు.

అపోహ: రికార్డులన్నీ లండన్‌లో ఉన్నాయి.

అక్కడ యుద్ధ డైరీలు ఉన్నాయి. యూనిట్ ఏ రోజు ఎక్కడుందో అవి చెబుతాయి. సిపాయిల వ్యక్తిగత రికార్డులు మాత్రం మన దేశంలోని రికార్డు ఆఫీసులవే. మద్రాస్ శాపర్స్ (ఇంజనీర్ల దళం)వి బెంగళూరులో, మద్రాస్ రెజిమెంట్‌వి తమిళనాడులోని వెల్లింగ్టన్‌లో, ఆర్డ్‌నెన్స్ కోర్ (ఆయుధాలు, సామగ్రి చూసే విభాగం)వి సికింద్రాబాద్‌లో. నంబరు తెలియకపోతే ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. జెనీవాలోని రెడ్ క్రాస్ ఆర్కైవ్స్‌కూ రాయొచ్చు, కానీ వాళ్లు ఏడాదిలో కొన్ని సమయాల్లోనే, పరిమిత సంఖ్యలోనే దరఖాస్తులు తీసుకుంటారు.

రికార్డు ఆఫీసుకు రాసేటప్పుడు నంబరు, తండ్రి పేరు, పాత తాలూకా, జిల్లా, మీరు ఆయనకు ఏమవుతారో రుజువు జతచేయండి. పింఛను రాని సైనికుల ఫైళ్లను 25 ఏళ్ల తర్వాత తీసేయడం నిబంధన, అందుకే ‘సర్వీసు రికార్డు ఇవ్వండి’ అంటే ‘నాశనం చేశాం’ అని జవాబు వస్తుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. కానీ లాంగ్ రోల్ అనే పెద్ద రిజిస్టరును తీసేయరు. చేరిన తేదీ, వెళ్లిపోయిన తేదీ, కారణం ఒక్క వరుసలో అందులో ఉంటాయి. ఉత్తరంలో ‘లాంగ్ రోల్ ఎంట్రీ నకలు కావాలి’ అని విడిగా రాయండి. జవాబు రాకపోతే పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.